శంకరన్‌గారి సంగతులు

మీ అబ్బాయి అశోక్‌నగర్‌లో సివిల్స్ కోచింగ్‌కి చేరాడటగా! నాతో ఒక్క మాటైనా అన్నారా మీరు? పాలబ్బాయి చెబితే తెలిసింది. సరేలెండి, కోపం లేదు. మంచి సంగతే. పొయ్యిమీద ఏమీ పెట్టలేదు కదా? అయితే కాసేపు నిలబడండి. ఆ ఉద్యోగం గురించి నాకో మనిషి మాట చెప్పాలని ఉంది.

కలెక్టరు అనగానే మనకి ఎర్రబుగ్గ కారు, ముందు డఫేదారు, పెద్ద బంగళా ఇవే కళ్ళముందుకొస్తాయి. ఆ బుగ్గలు 2017లోనే తీసేశారనుకోండి, అయినా మన మనసుల్లోంచి పోలేదు. నాకు మాత్రం ఎస్.ఆర్. శంకరన్‌గారు గుర్తొస్తారు. విన్నారా ఆయన పేరు? మీ ఇంట్లో పెద్దవాళ్ళకి తెలిసే ఉంటుంది, అడగండి.

తంజావూరు వైపు మనిషి. 1934లో పుట్టారు. 1957లో ఐఏఎస్‌కి వచ్చి మన ఆంధ్రప్రదేశ్ కేడర్లో పడ్డారు. నెల్లూరు కలెక్టరుగా చేశారు. తరవాత ఢిల్లీలో మోహన్ కుమారమంగళం అని ఉక్కు, గనుల మంత్రి ఉండేవారు. బొగ్గుగనులు ప్రభుత్వం చేతిలోకొస్తున్న రోజుల్లో ఆ మంత్రిగారి దగ్గర ప్రత్యేక సహాయకులుగా ఉన్నారు. ఇంతవరకూ చెబితే మీరు ‘పెద్ద ఆఫీసర్లందరి కథా ఇంతేగా’ అంటారు. తొందరపడకండి. అసలు సంగతి సాంఘిక సంక్షేమశాఖ దగ్గర మొదలవుతుంది.

అన్నట్టు, ఆయన పెళ్ళి చేసుకోలేదు. మీరు అడగబోతున్నారని తెలిసే ముందే చెప్పేశాను! ఎందుకు చేసుకోలేదో నన్నడగకండి. వంటా వార్పూ ఎవరు చూసేవారో అని నాకూ ఎన్నోసార్లు అనిపించింది.

ఏదీ, ఎక్కడున్నాం? ఆ, సంక్షేమశాఖ. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. అంతకుముందు పల్లెల్లో ఎలా ఉండేదో మీకు తెలియంది కాదు. తండ్రి కూతురి పెళ్ళికో, ఎవరి దినానికో ఆసామి దగ్గర కాసిని రూపాయలు తెస్తాడు. ఆ అప్పు కింద కొడుకు పోయి పాలేరుగా కుదురుతాడు. గొడ్ల చావిట్లో పడక, పొద్దు పొడవకముందే లేచి పేడకళ్ళు ఎత్తడం. ఏళ్ళు గడుస్తాయి, అప్పు మాత్రం అక్కడే ఉంటుంది. కాగితం ఆసామి దగ్గరుంటుంది, లెక్క కూడా ఆయనదే.

ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది, వినండి. ఆ అప్పు దానంతటదే రద్దయిపోతుంది. ఇది వెట్టి అప్పేనని పాలేరు అంటే చాలు. కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. చదువురాని పాలేరు సాక్ష్యాలు ఎక్కణ్ణుంచి తెస్తాడు చెప్పండి? ఎవరు రాశారో గాని చల్లగా ఉండాలి. ఈ చట్టాన్ని అమలుచేసే పని జిల్లాల్లో కలెక్టర్ల మీద పెట్టారు. గుర్తించాలి, విడిపించాలి, విడుదల పత్రం చేతికివ్వాలి.

అప్పుడు రాష్ట్రంలో సాంఘిక సంక్షేమశాఖ కార్యదర్శి శంకరన్‌గారు. హైదరాబాదులో కూర్చుని సర్క్యులర్లు పంపి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. పల్లెలకి వెళ్ళారు. వెళ్ళి, ఎదురుగా నిలబడ్డ పాలేళ్ళతో ‘మీరు అప్పు కట్టక్కర్లేదు, చట్టం అలా చెబుతోంది’ అని చెప్పారు. ఇంకేముంది! భూస్వాములు రాజధానికి పరుగెత్తారు. అప్పటి ముఖ్యమంత్రిగారికీ ఇది నచ్చలేదు. ఈయన సెలవు పెట్టి పక్కకి తప్పుకున్నారు. చట్టంలో ఉన్న మాట ఉన్నట్టు చెప్పినందుకండీ ఇదంతా! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు త్రిపుర పిలిచింది. ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి ఆయన్ని చీఫ్ సెక్రటరీగా తీసుకెళ్ళారు. చూడండి విడ్డూరం, ఆ ముఖ్యమంత్రిగారూ బ్రహ్మచారే! 1988లో పదవి పోయినప్పుడు అధికార నివాసంలోంచి ఆయన రేకుపెట్టెతో బయటికొచ్చారని చెప్పుకుంటారు. పెద్ద కుర్చీల్లో ఉన్న ఆ ఇద్దరూ సాయంత్రాలు ఏం మాట్లాడుకునేవారో వినాలనిపించదూ మీకు? నాకైతే మహా కుతూహలం.

తరవాత మళ్ళీ మన రాష్ట్రానికే, మళ్ళీ సంక్షేమశాఖకే వచ్చారు. దళితుల కోసం ప్రత్యేకంగా బడ్జెట్లో వాటా ఉండాలని, వాళ్ళ పిల్లలకి గురుకులాలుండాలని పట్టుబట్టారు. 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్టెక్కిన మాలావత్ పూర్ణ మీకు గుర్తుందా, నిజామాబాదు పిల్ల? సాంఘిక సంక్షేమ గురుకులంలోనే చదివింది.

1987 డిసెంబరు మాట చెప్పాలి మీకు. తూర్పుగోదావరి మన్యంలో గుర్తేడు వెళ్ళొస్తున్న అధికారులని పీపుల్స్‌వార్ నక్సలైట్లు ఎత్తుకుపోయారు. వాళ్ళలో ఈయనా ఉన్నారు. జైళ్ళలో ఉన్న నక్సలైట్లని కొందరిని ప్రభుత్వం వదిలాక వీళ్ళని వదిలారు. అంత జరిగాక మీరూ నేనూ అయితే అడవి వైపు తల తిప్పి చూస్తామా? ఈయన 1992లో కేంద్ర గ్రామీణాభివృద్ధి కార్యదర్శిగా రిటైరై హైదరాబాదొచ్చి, 1997లో మరికొందరు పెద్దలని కలుపుకుని పౌరస్పందన వేదిక పెట్టారు. పోలీసుల ఎన్‌కౌంటర్లనీ ప్రశ్నించారు, నక్సలైట్ల హింసనీ ప్రశ్నించారు. ఇద్దరికీ కోపాలొచ్చాయి. అయినా వదలకుండా అటూ ఇటూ తిరిగారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వమూ మావోయిస్టులూ ఒక బల్లకి చెరోవైపు కూర్చోవడం వెనక ఆ తిరుగుడంతా ఉంది. ఆ చర్చలు నిలవలేదు. అది వేరే దుఃఖం.

రిటైరయ్యాక ఇంకో పని కూడా నెత్తికెత్తుకున్నారు. మనుషులు చేతులతో మలం ఎత్తే పని ఉండేది కదా, అది మాన్పించాలని సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే సంస్థతో కలిసి నడిచారు. దాన్ని నడిపే బెజవాడ విల్సన్‌గారు కోలారు గనుల దగ్గరి తెలుగు కుటుంబం మనిషే, ఆయనకి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. శంకరన్‌గారు వెనక నిలబడి ఎంత అండగా ఉన్నారో విల్సన్‌గారు ఎన్నోచోట్ల చెప్పారు.

2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. మా చుట్టాల్లో ఒకాయన ‘అదేం పంతం, పుచ్చుకుంటే పోయేదేముంది’ అన్నారు. పంతం కాదండీ. ఉద్యోగంలో చేసింది ఉద్యోగం కాబట్టే చేశానని నమ్మే మనిషికి బిరుదెందుకు? నేనలా అనుకుంటాను. మీరేమంటారు?

జీతంలోంచీ, తరవాత పింఛనులోంచీ బీద పిల్లల చదువులకి డబ్బిస్తూ పంజాగుట్టలో చిన్న ఫ్లాట్లో గడిపారు. 2010 అక్టోబరు 7న పోయారు. ఆ డబ్బుతో చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఏం ఉద్యోగాలు చేస్తున్నారో! మీకు తెలిసినవాళ్ళలో ఎవరైనా ఉంటే మా ఇంటికి తీసుకురండి, కాఫీ నేనిస్తాను. ఆయన మనియార్డరు చేసేవారా, చేతికిచ్చేవారా, మార్కులు అడిగేవారా, ఇవన్నీ వాళ్ళనోటే వినాలి నాకు.