చిన్న తెప్పా, పెద్ద బోటా?



కిందటి ఏడాది వేట నిషేధం మొదలైన వారంలో మన సంఘంలోని ఒక కుటుంబం ప్రార్థన కోసం మా ఇంటికి వచ్చింది. తల్లి, ఇద్దరు కొడుకులు. వాళ్లు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాం, పేర్లు మాత్రం వద్దన్నారు.

తండ్రి నాటి తెప్ప ఇక పనికిరాదు. కొత్తది కొనాలి. ఫైబర్ తెప్ప చాలని పెద్దవాడు. మరబోటు కావాలని చిన్నవాడు. ఈ చిన్నవాడు గుజరాత్‌లోని వెరావల్‌లో ఏడేళ్లు కలాసీగా చేసి వచ్చాడు. "అయ్యగారూ, ఏడేళ్లు పరాయివాళ్ల బోటులో ఐసు మోశానండి. మనకే బోటుంటే మన ఊరి కుర్రాళ్లు ఎనిమిది మంది అంత దూరం పోనక్కర్లేదు" అన్నాడు.

ఆ మాటలో స్వార్థం లేదు. 2018లో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు వెరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు కార్చిన కన్నీళ్లు మనకు తెలుసు.

రెండూ చూద్దామని మేమూ వెంట వెళ్లాం. ఫైబర్ తెప్ప 28 అడుగులు. నలుగురైదుగురు చాలు. చీకటితో వెళ్తే మధ్యాహ్నానికి ఒడ్డు చేరొచ్చు. పనయ్యాక ఇసుక మీదికి లాగేసుకోవచ్చు. కానీ ఐసు పెట్టె చిన్నది, దూరపు చేప అందదు, గాలి లేచిన రోజు ఇంట్లో కూర్చోవాల్సిందే.

మరబోటును విశాఖ హార్బరులో చూశాం. సెకండ్ హ్యాండుదే. పైన క్యాబిన్, కింద ఐసు గది, వల లాగే వించి. పది పదిహేను రోజులు సముద్రం మీదే ఉండొచ్చు. దాని మీద నిలబడితే మాకే గుండె నిబ్బరం వచ్చింది. అయితే మన ఒడ్డున దానికి జెట్టీ లేదు, ఎప్పుడూ హార్బరులోనే ఉంచాలి. ఒడ్డుకు 8 కిలోమీటర్ల లోపు చిన్న తెప్పలవాళ్లది, పెద్ద బోటు అక్కడ వల వేయకూడదు. అంటే ఒక్క చేప పడకముందే డీజిలు, ఐసు, బియ్యం, పప్పు అన్నీ నింపుకుని దూరం పోవాలి. ఆ ఖర్చుకు వ్యాపారి అడ్వాన్సు ఇస్తాడు. తీసుకుంటే చేప అతనికే, ధర అతను చెప్పిందే.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ పెద్దవాడు "మీరేమంటారు అయ్యగారూ?" అని అడిగాడు. "దేవుడు విశాలపరుస్తానంటుంటే మనం ఎందుకు భయపడాలి?" అన్నాం. ఆ మాట భక్తిగానే వినిపించింది. కానీ అది చెప్పేటప్పుడు మా కళ్ల ముందు ఉన్నది మన మందిరం రేకులు. పెద్ద బోటుకు పెద్ద దశమభాగం వస్తుంది, రేకులు మార్చుకోవచ్చు అనుకున్నాం. ఇంటికొచ్చాక అమ్మగారు ఒక్కటే అడిగారు: "వాయిదా కట్టేది మనమా?" ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆ కుటుంబాన్ని మళ్లీ పిలిచి క్షమాపణ అడిగాం. తర్వాత అమ్మగారు కాగితం తీశారు. వేట బాగా సాగిన రోజున ఎంత వస్తుందని అడగలేదు. బోటు ఒడ్డున ఉండే రోజులు లెక్క పెట్టమన్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం రెండింటికీ ఒకటే. తుపాను హెచ్చరికలు, ఇంజను రిపేర్లు అదనం. తెప్పకు అన్నీ కలిపి 6 లక్షలు. బోటుకు 32 లక్షలు. నిషేధం రోజుల్లో బోటు ఆగుతుంది గానీ వడ్డీ ఆగదు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ హార్బరులో నిప్పంటుకుని దాదాపు 40 బోట్లు కాలిపోయిన సంగతి ఆ తల్లే గుర్తుచేసింది. చిన్నవాడు తల వంచుకుని చాలాసేపు మాట్లాడలేదు.

అప్పుడు లూకా సువార్త 5వ అధ్యాయం చదువుకున్నాం. పేతురు వల పిగిలిపోయేంత చేప పడ్డప్పుడు అతను పెద్ద పడవ కావాలని అడగలేదు. పక్క పడవలో ఉన్న పాలివాళ్లకు సైగ చేశాడు. ఎన్నోసార్లు ఆ భాగం మీద ప్రసంగించాం గానీ రెండో పడవ సంగతి మాకు అంతకుముందు తట్టలేదు.

1986లో గలిలయ సముద్రంలో నీళ్లు బాగా తగ్గినప్పుడు ప్రభువు కాలం నాటి పడవ ఒకటి బురదలో బయటపడింది. పొడవు సుమారు 27 అడుగులు. మన ఫైబర్ తెప్ప అంతే! రకరకాల చెక్కలతో అతుకుల మీద అతుకులు వేసి ఉంది. పాపం, దాని యజమాని కూడా మనలాంటివాడే.

చివరికి వాళ్లు తెప్పే కొన్నారు. చిన్నవాడు ఊరుకోలేదు. చిన్నాన్న కొడుకును ఒప్పించి అతని తెప్పతో జత కట్టాడు. రెండు తెప్పలూ కలిసి వెళ్తాయి. ఐసు, ఆటో కిరాయి చెరిసగం. వెరావల్ వెళ్లాల్సిన ముగ్గురు కుర్రాళ్లు ఇప్పుడు ఇక్కడే ఉన్నారు. ఎనిమిది మంది కాదు, ముగ్గురే.

అద్భుతాలేమీ జరగలేదు. జనవరిలో పది రోజులు నెత్తళ్లు తప్ప ఏమీ పడలేదు. ఒకరోజు నడి సముద్రంలో మోటారు ఆగిపోయింది. రెండో తెప్ప తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చింది. ఆ సాయంత్రం తల్లి మందిరానికి వచ్చి కూర్చుంది, ఏమీ మాట్లాడలేదు. మేమూ పక్కన కూర్చున్నాం.

పెద్ద బోటు పాపం కాదు. దానితో బాగుపడిన విశ్వాసులూ మనకు తెలుసు. హైదరాబాదులో, గల్ఫులో ఉండి ఇది చదువుతున్న బిడ్డలారా, ఇల్లైనా కారైనా వ్యాపారమైనా మొదలుపెట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి. అది ఒడ్డున ఉండే రోజుల్లో మనం దాన్ని మోయగలమా? మోటారు ఆగినప్పుడు తాడు విసిరే పక్క తెప్ప ఎవరిది? మీకు సలహా ఇచ్చేవారి మనసులో ఏ రేకులున్నాయో కూడా చూసుకోండి. ఆ సలహా మాదైనా సరే.

మందిరం రేకులు పాతవే. వానొస్తే రెండు బకెట్లు పెడుతున్నాం. దేవుని మహాకృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.