లడ్కా క్యా కర్తా?

జుమా నమాజ్ అయ్యాక మసీదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే పామిడిముక్కల నుంచి ఆపా ఫోను. సలాం కూడా సరిగ్గా చెప్పలేదు. "గుడివాడ వాళ్ళు మళ్ళీ అడిగారు. ఏం చెప్పమంటావ్?"

గుడివాడ వాళ్ళంటే మా భాంజాకి రిష్తా తెచ్చినవాళ్ళు. పిల్ల బీఫార్మసీ చదివింది. షరీఫ్ ఖాందాన్. కట్నం మాట ఎత్తొద్దని మనం అనకముందే వాళ్ళే అన్నారు. వాళ్ళు అడిగింది ఒక్కటే. లడ్కా క్యా కర్తా?

మన ఇళ్ళల్లో ఈ సవాల్‌కి జవాబు ఒక్క ముక్కలో రావాలి. ఇంజనీరు. దుబాయ్‌లో ఉంటాడు. మెడికల్ షాపు. రెండో ముక్క కావాల్సి వచ్చిందంటే రిష్తా సగం చేజారినట్టే. పాపం మా ఆపా దగ్గరున్న జవాబు పొడుగు. వాడు ఒక ప్రైవేటు కాలేజీలో ఫుట్‌బాల్ టీముకి అసిస్టెంట్ కోచ్‌గా చేరబోతున్నాడు, కాంట్రాక్టు మీద, పది నెలలకి, నెలకి పన్నెండు వేలు, వేసవి సెలవుల్లో జీతం ఉండదు. ఇది ఫోన్లో గుడివాడకి చెప్పగలిగే జవాబేనా?

ఇంకోపక్క దుల్హాభాయ్ కువైట్‌లో ఉన్న తమ్ముడితో మాట్లాడి సూపర్‌మార్కెట్లో స్టోర్ పనికి వీసా మాట ఖాయం చేయించారు. పాస్‌పోర్టు కాపీ నెలాఖరులోపు పంపాలి. "నువ్వు పేపరోడివి, నీ మాట వింటాడు. జర సంఝా వాడికి" అంది ఆపా.

నాకు నవ్వొచ్చింది. ఈ సవాల్ ముందు తలొంచుకుని కూర్చున్నవాడిలో నేనే సీనియర్ని. బందరులో ఉర్దూ మీడియం బడిలో చదివి, ఎవరూ చెప్పకుండానే డిగ్రీలో తెలుగు తీసుకుని, పేపరుకి మండల కంట్రిబ్యూటర్‌గా చేరిన రోజుల్లో నాకు రిష్తాలు వచ్చేవి. నాది లైన్ అకౌంట్. అచ్చయిన వార్తని స్కేలుతో కొలిచి డబ్బులు లెక్కేసేవాళ్ళు. పిల్ల తరఫు వాళ్ళు తన్‌ఖా ఎంత అని అడిగితే మర్హూమ్ అబ్బా కాసేపు ఆలోచించి, "వార్త వేస్తే ఇస్తారు" అన్నారు. అవతలాయన చాయ్ కప్పు కింద పెట్టిన చప్పుడు నాకింకా గుర్తుంది. కాబట్టి వాడిని సంఝాయించే పనికి నాకంటే పనికిమాలిన మామూ దొరకడు. అయినా ఆదివారం వెళ్ళాను. ఆపా పిలిస్తే వెళ్ళకుండా ఉండగలమా.

ఉయ్యూరు దాటాక ఆటో ఎక్కాను. మినుము పీకేసిన పొలాలు బీటలు తీసి ఉన్నాయి. మా వైపు కాలవలకి నీళ్ళు వదిలేదాకా ఊరి పిల్లలకి పొలాలే గ్రౌండ్లు. గట్టు పక్కన మా భాంజా పదిహేనుమంది పిల్లల్ని పోగేసి ఉన్నాడు. ఒక్కొక్కడి కుడికాలికి ఎర్రగుడ్డ ముక్క కట్టి ఉంది. కుడికాలు బంతికి తగిలితే అవుటు. పిల్లలు ఎడంకాలితో తన్నబోయి వెనక్కి పడుతున్నారు, నవ్వుతున్నారు, మళ్ళీ లేస్తున్నారు.

"ఇదేం ఆట రా?" అన్నాను.

"రహీం సాబ్ ఆట మామూ. ఆయన చేతకాని కాలికే టోర్నమెంట్లు పెట్టేవారంట."

అసలు మా డెల్టాలో ఫుట్‌బాల్ ఎవరికి పట్టింది? సంక్రాంతికి కబడ్డీ, సాయంత్రాలు వాలీబాల్, మిగతా ఏడాదంతా క్రికెట్. వీడికి ఈ పిచ్చి 2024 ఈద్ రోజుల్లో రిలీజైన మైదాన్ సినిమా చూశాక ముదిరింది. అజయ్ దేవగన్ వేసింది సయ్యద్ అబ్దుల్ రహీం పాత్ర. ఆ రాత్రి ఇంటికొచ్చి వాడు నన్ను అడిగాడు, ఈయన నిజంగా ఉన్నాడా, మన హైదరాబాదీయేనా అని. మనవాళ్ళ గురించి మనకి బొంబాయి సినిమావాళ్ళు చెప్తేనే తెలుస్తుంది. నేను చదివిన ఉర్దూ బడిలో ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. తెలుగు డిగ్రీలోనూ ఎత్తలేదు.

రహీం సాబ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, అక్కడి టీముకి ఆడారు. ఆ తర్వాత ఏం చేశారు? బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇలా బడులు మారుతూ పాఠాలు చెప్పారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత తీసుకున్నారు. అంటే మనం డ్రిల్లు మాస్టారు అనే మనిషి. ఆ డ్రిల్లు మాస్టారు 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి సెక్రటరీ అయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీముకి కోచ్. ఆ టీము 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన చేతికొచ్చిన ఇండియా టీము 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చింది.

మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. మనవాళ్ళు కొందరు వట్టి కాళ్ళతో ఆడారు. అలాంటి ఓటమి తర్వాత ఎవరైనా ఏం చేస్తారు? ఈయన ఇంటికొచ్చి మళ్ళీ బేసిక్ మొదలుపెట్టారు. బూట్లు వేయించారు. డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో టోర్నమెంట్లు పెట్టారు, బంతి దగ్గరపెట్టుకుని షోకులు పోకుండా పక్కవాడికి ఇవ్వడం అలవాటవ్వాలని. చేతకాని కాలితో ఆడే టోర్నమెంట్లు పెట్టారు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో కొట్టి మనవాళ్ళు సెమీఫైనల్‌కి వెళ్ళారు, చివరికి నాలుగో స్థానం. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ టీములోనే ఉన్నాడు. 1962 జకార్తా సంగతి సినిమా చూసినవాళ్ళకి తెలుసు. ఒళ్ళు కేన్సర్‌తో కరిగిపోతుండగా ఆయన బెంచి మీద కూర్చున్నారు, స్టేడియం మొత్తం మనకి వ్యతిరేకంగా అరుస్తోంది, తలకి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని డిఫెన్స్ నుంచి తీసి ముందు వరసలో ఆడించారు. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్, దక్షిణ కొరియాపై 2-1. ఇంకో తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, రహీం సాబ్ ఇంతెఖాల్ అయ్యారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో.

ఇదంతా మా భాంజాకి నోటికొచ్చు. వాడికి తెలియనిది కొడుకు కథ. గట్టు మీద కూర్చుని అది నేను చెప్పాను, ఎందుకంటే అసిస్టెంట్ కోచ్ అనే మాట ఆ కథలోనే ఉంది.

రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం. మంచి హాఫ్‌బ్యాక్. 1960 రోమ్ ఒలింపిక్స్ టీముకి ఎంపికయ్యాడు. కోచ్ ఎవరు, అబ్బాజానే. హంగరీతో ఆడారు, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేశారు, పెరూతో ఆడారు. మూడు మ్యాచ్‌ల్లో ఒక్క నిమిషం కూడా కొడుక్కి దక్కలేదు. ఒకే బెంచి మీద బాపూ, బేటా. ఆ రోజుల్లో ఆ ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర ఏం మాట్లాడుకునేవారో అని నాకు ఎప్పుడూ కుతూహలం. మన దగ్గర కొడుకుని టీములో దూర్చని తండ్రిని వెతికి పట్టుకోవాలి కదా.

హకీం సాబ్ ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసి స్క్వాడ్రన్ లీడర్‌గా రిటైరయ్యారు. ఫిఫా రిఫరీ అయ్యారు. 1982లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ టీముకి అసిస్టెంట్ కోచ్ అయ్యారు. చీఫ్ కోచ్ ఎవరో తెలుసా? పీకే బెనర్జీ. జకార్తా ఫైనల్లో రహీం సాబ్ ఆడించిన అదే పీకే. ఉస్తాద్ కొడుకు ఉస్తాద్ షాగిర్ద్ కింద అసిస్టెంట్. క్వార్టర్ ఫైనల్లో సౌదీ అరేబియా చేతిలో 0-1తో ఓడిపోయారు. ఓడిన టీము అసిస్టెంట్ కోచ్ పేరు ఎవరికి గుర్తుంటుంది? నేను స్పోర్ట్స్ పేజీ డెస్క్‌లో నాలుగేళ్ళు కూర్చున్నాను, మాకు స్థలం చాలకపోతే ముందు ఎగిరిపోయే లైను అదే. ఆ తర్వాత ఆయన మహీంద్రా, సాల్గావ్‌కర్ లాంటి క్లబ్బులకి కోచ్‌గా చేశారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చేనాటికి ఆయన వయసు 78. 2021 ఆగస్టు 22న గుల్బర్గాలో కన్నుమూశారు. ఆ తర్వాత రెండేళ్ళకి, 2023 ఆగస్టు 15న, హైదరాబాద్‌లో మహమ్మద్ హబీబ్ పోయారు. 1977లో కలకత్తాలో పీలే ఆడిన కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్. ఆట ముగించాక టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకి నేర్పిన హబీబ్. రెండేళ్ళ తేడాలో ఇద్దరు. ఆ రెండు వార్తలూ సింగిల్ కాలమ్‌లో పెట్టింది నేనే. ఆ రెండు రాత్రులూ సరిగ్గా నిద్ర పట్టలేదని చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

వాడు విని, "అయితే చేరొద్దంటారా?" అన్నాడు.

"నేను అన్నది అది కాదు. ఇద్దరి కథలో ఒకటి చూశావా? రహీం సాబ్‌కి బడి జీతం ఉంది. హకీం సాబ్‌కి ఎయిర్‌ఫోర్స్ తన్‌ఖా ఉంది. బంతి వెనక రోజీ ఉంది."

ఇది నేను ముందే అనుకుని వచ్చిన మాట కాదు. చెప్తూ చెప్తూ నాకే తెలిసింది. షౌఖ్ ఒక్కటే వాళ్ళని నిలబెట్టిందని మనం కథలు చెప్పుకుంటాం. నెల మొదటి తారీఖున చేతికొచ్చిన డబ్బు గురించి ఎవరూ చెప్పరు. డాలస్‌లో ఉండే మా ఖాలా కొడుకు అంటుంటాడు, అమెరికాలో కాలేజీ టీముకి అసిస్టెంట్ కోచ్ అంటే పెద్ద హోదా అని. అక్కడ ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, అది వేరే ముచ్చట. పీజీ చదువుతూ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా ఫీజు మాఫీతో మొదలై, ఒక్కో వరస ఆటగాళ్ళకి కోచ్ అయ్యి, కో-ఆర్డినేటర్ అయ్యేసరికి పెద్ద యూనివర్సిటీల్లో ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిపోయేవాళ్ళున్నారు. హెడ్ కోచ్‌ని తీసేస్తే వెనకున్న వాళ్ళంతా పెట్టెలు సర్దుకోవాల్సిందేనట. పామిడిముక్కలలో కూర్చుని ఆ లెక్కలు వింటే నవ్వొస్తుంది. మన కాలేజీల్లో అసిస్టెంట్ కోచ్ అనే పోస్టే సరిగ్గా లేదు. ఉన్నది పీడీ సార్. దానికి ఎంపీఈడీలో 55 శాతం, ఆపైన నెట్టో సెట్టో కావాలి.

అందుకే వాడితో కాగితం తీయించి రాయించాను. బీపీఈడీ అయిపోయింది, అల్‌హందులిల్లాహ్. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు, వాటిలో వ్యాయామ ఉపాధ్యాయులవీ ఉన్నాయి. అప్పటికి వీడి కోర్సు పూర్తి కాలేదు. వచ్చేదానికి ఇప్పటి నుంచే చదవాలి. ఎంపీఈడీకి కట్టాలి. కోచింగ్ వైపు ఫుట్‌బాల్ ఫెడరేషన్ డీ లైసెన్స్, దాని మీద సీ, బీ, ఏ, ఆఖరికి ప్రో. లేదంటే పాటియాలా ఎన్ఐఎస్‌లో డిప్లొమా. కాలేజీలో పది నెలలు చేస్తే అనుభవం సర్టిఫికెట్ రాతపూర్వకంగా తీసుకోవాలి, అదీ చేరేముందే మాట్లాడుకోవాలి. ఇంతకుముందు వీడికి తెలిసినవాడు ఒకడు ఇలాగే ఒకచోట రెండేళ్ళు చేసి చివరికి చేతిలో ఏ కాగితమూ లేకుండా బయటికొచ్చాడు.

మగ్రిబ్ తర్వాత దుల్హాభాయ్ వచ్చి కూర్చున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. పద్నాలుగేళ్ళు కువైట్‌లో ఎండకి ఎండి ఈ ఇల్లు కట్టారు, ఆ మోకాళ్ళు ఇప్పుడు సజ్దాకి వంగవు, కుర్చీ మీద నమాజ్ చదువుతారు. కొడుకు మీద ఫికర్ ఉండకుండా ఎలా ఉంటుంది? "నేను పోయింది షౌఖ్‌తోనా బావా?" అన్నారు నాతో. నా దగ్గర జవాబు లేదు. నేను హైదరాబాద్ గొప్పవాళ్ళ కథలు చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను. ఆయన ముందు అవన్నీ సినిమా మాటలే అవుతాయి.

కాసేపయ్యాక కాగితం ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు తెప్పించుకుని చదివారు. పన్నెండు వేల దగ్గర వేలు ఆపి, వేసవి రెండు నెలలు ఎలా అని అడిగారు. సమ్మర్ క్యాంపులు పెడతానన్నాడు వాడు. పొలంలోనా అన్నారు ఆయన. హైస్కూలు గ్రౌండు అడుగుతానన్నాడు. ఆపా లోపలి నుంచి దమ్ చాయ్ తెచ్చి, ఏమీ అనకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

వీసా సంగతి ఆ రాత్రి తేలలేదు. గుడివాడకి ఏం చెప్పాలో కూడా తేలలేదు. నేను ఆఖరి బస్సుకి బెజవాడ వచ్చేశాను.

బుధవారం పొద్దున డెస్క్‌లో ఉండగా దుల్హాభాయ్ నుంచి ఫోను. సలాం, ఖైరియత్ అయ్యాక కాసేపు ఆగారు.

"ఆ డీ లైసెన్సో ఏదో రాశావే, దానికి ఫీజు ఎంతుంటుంది?"

కనుక్కుని సాయంత్రం చెప్తానన్నాను.

"చెప్పు. ఆ గుడ్డలు కట్టి ఆడిస్తున్నాడు కదా, ఆ పిల్లల్లో మన పక్కింటి వాడు ఎడంకాలితో గట్టిగానే తంతున్నాడు. నిన్న మా గేటు బల్బు పగిలింది" అన్నారు.