ఎర్రపిల్లల మీద కొరమీను

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. కథలు రాయడం మాకు రాదు. ఒక చేప సంగతి రాస్తాం.

మాది వజ్రపుకొత్తూరు మండలంలో చిన్న ఊరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా వైపే తీరం దాటింది. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు వరసగా పడి ఉన్నాయి. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. కొబ్బరి మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. అమ్మ పలాసలో జీడిపప్పు పనికి కుదిరింది. నాన్న నెల తిరక్కుండానే తాపీ పనికి చెన్నై రైలెక్కాడు. మేము అన్నదమ్ములం ఇద్దరం అప్పటికి టెక్కలిలో హాస్టల్లో ఉన్నాం. పెద్దవాడు ఇంటర్, చిన్నవాడు తొమ్మిది.

పరీక్ష ఫీజు కట్టాలి. అమ్మనడగడానికి నోరు రాలేదు. ఒక ఆదివారం ఇంటికొచ్చి ఊరి వెనక చెరువుకు పోయాం. కాశీబుగ్గలో కొన్న గాలపు ముల్లు, వెదురు కర్ర, నైలాన్ దారం, ఎరకు చిన్న కప్ప. కొరమీను వానపాముకూ పడుతుంది గానీ, పెద్దది కావాలంటే కప్పే. తూటికాడల పక్కన నీటి మీద దాన్ని టపటపలాడించాలి. కొరమీనుకు నీళ్ళలోని గాలి చాలదు, మధ్యమధ్య పైకొచ్చి గుటక వేసి పోతుంది. ఆ బుడగను బట్టే చోటు తెలుస్తుంది. ఒడ్డుకు తీసినా తడి గోనెలో గంటల తరబడి బతికే ఉంటుంది. దానికి ధర పలికేది కూడా అందుకే.

ఆ రోజు బుడగ వెతకక్కర్లేకపోయింది. ఒకచోట నీళ్ళు ఎర్రగా ఉడుకుతున్నట్టు పిల్లల గుంపు. వాటి మధ్య కప్పను ఆడించాం. ఒక్క పట్టు! కర్ర వంగిపోయింది. కిలోన్నర పైనే ఉంది. 450 రూపాయలకు అమ్మి ఫీజు కట్టేశాం. వారం రోజులు హాస్టలంతా మా గొప్పే.

ఎమ్మెస్సీ జంతుశాస్త్రంలో చేరాక తెలిసింది. పిల్లలు అలా గుంపుగా తిరిగినన్నాళ్ళూ తల్లీ తండ్రీ కింద కాపలా ఉంటాయి, ఎక్కువ భారం మగదానిదే. మా కప్పను అది ఆకలితో పట్టి ఉండదు, తరమడానికి వచ్చి ఉంటుంది. కాపలా పోయిన పిల్లలు మిగతా చేపలకు మేత. అమెరికాలో జనం మోజుపడి గాలం వేసే బాస్ చేపల్లోనూ గూడు కాసేది మగదే. చాలామంది దాన్ని పట్టి మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తారట. మాకు నవ్వొచ్చింది. ఫీజు బాకీ లేనివాళ్ళు కాబోలు!

మా ఇంట్లో డిగ్రీ కాగితం మాతోనే మొదలు. దానికింద ఆ 450 కూడా ఉంది. తప్పు చేశామని అనలేం, చెయ్యలేదని కూడా అనలేకపోతున్నాం.

నాన్న నాలుగేళ్ళకు తిరిగొచ్చేశాడు. పోయిన వినాయకచవితికి ముగ్గురం అదే చెరువు గట్టు మీదికి వెళ్ళాం. తూటికాడల దగ్గర మళ్ళీ ఎర్రగా కదిలింది. తమ్ముడు కర్ర ఎత్తాడు. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిల్లల మీదున్నదాన్ని పట్టకూడదురా."

ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాం.

"నానపుడు ఊర్లో లేను కదేటి" అన్నాడు.