ఇంటున్నవా?



పోయిన వారం భూమి ముచ్చట సగంల ఆపిన. ఈ వారం పూర్తి చేస్తనని చెప్పిన గని చేస్తలేను, ఇంకో ముచ్చట అడ్డమొచ్చింది. ఇది మా ఇంటి ముచ్చట. రాయాల్నా వద్దా అని మా ఆమెనే అడిగిన. "రాయి. గని నువ్వు మంచోనివన్నట్టు రాయకు" అన్నది. ఆమె పెట్టిన షరతు అదొక్కటే.

మాది సంగారెడ్డి దిక్కు పల్లె. మాదిగోళ్లం. మా తాత డప్పు చాటింపు ఏసెటోడు. పంచాయితి పెట్టినా, శిస్తు కట్టే గడువు చెప్పాల్నన్నా, మైసమ్మ పండుగకు దినం ఖాయం జేసినా తాతనే తిరగాలె. డప్పు మీద దెబ్బ పడంగనే ఊరంత చప్పుడు బందయ్యేదట. పొయ్యికాడ ఉన్న అమ్మలు గూడ వాకిట్లకొచ్చి ఇనెటోళ్లట. ఆ ఊర్లె మా తాత మాట ఇన్నంతగ పటేల్ మాట గూడ ఎవ్వరు ఇని ఉండరు. గని అండ్ల ఒక్క మాట గూడ తాతది గాదు. తాత సొంత మాట ఒకటుండేది: గింజలు తక్కువ కొలిసిర్రని, పిల్లగానికి జరమొచ్చిందని. అది చెప్పాల్నంటే చెప్పులిడిసి దూరంగ నిలబడాలె, పిలిచేదాక ఆగాలె. పిలవకపోతే పొద్దుగూకినంక ఇంటికి రావాలె.

ఆ చాటింపు పేరే 1994ల మన ఉద్యమానికి పెట్టుకున్నం, మాదిగ దండోరా అని. ఆ డప్పు సుప్రీంకోర్టుకు ఇనబడేసరికి 2024 ఆగస్టు 1 వచ్చింది. ముప్పై ఏండ్లు! సరే, అది వేరే కథ.

ఇసువంటి ఇంట్ల పుట్టినోనికి ఇనుడంటే ఏందో ఒకళ్లు నేర్పాల్నా అనుకునేటోన్ని. నిజంగనే అనుకున్న. వారానికి ఆరు దినాలు ఇస్నాపూర్, ముత్తంగి, రుద్రారం, పాశమైలారం తిరుగుత. ఒక్క రూంల ఎనిమిది మంది పండుకునే కాంట్రాక్ట్ లేబర్ కాడికి పోత. పీఎఫ్ పడలేదంటే, ఈఎస్ఐ కార్డు రాలేదంటే నోట్‌బుక్ తీసి రాసుకుంట. "అన్న మంచిగ ఇంటడు" అని నాకు పేరుండె. ఆ పేరు నాకు శాన ఇష్టముండె.

మా ఆమె పటాన్‌చెరు కాడ ఒక మందుల కంపెనీల ప్యాకింగ్ లైన్ల చేస్తది. కాంట్రాక్టరు కిందనే. కంపెనీ పేరు రాయను, ఆమె ఇంక అక్కడనే చేస్తున్నది. పోయినేడు ఎండకాలంల ఒకనాడు రొట్టెలు చేసుకుంట చెప్పింది. గోదాం నిండిందని ప్యాకింగ్ హాలు ఎన్క తలుపు ముంగట డబ్బాలు, డ్రమ్ములు పేరుస్తున్నరట. తలుపు మీద బయటికి పోయే దారి అని పచ్చ బొమ్మ ఉన్నదట, బొమ్మల మనిషి ఉరుకుతనే ఉన్నడట గని తలుపు కనబడదట. దాన్ని మొదలు చూసింది మా ఆమె గాదు. ఒడిశా నుంచి కొత్తగొచ్చిన ఒక పిల్ల చూసింది. ఆమెకు తెలుగు రాదు, మా ఆమెకు ఒడియా రాదు. ఆ పిల్ల చేతులతోని అడిగిందట: "దీదీ, మంట లేస్తే ఎటు ఉరకాలె?"

నేను ఫోన్ చూసుకుంట "ఊఁ" అన్న.

రెండోసారి చెప్పింది. ఈసారి జవాబిచ్చిన. పెట్టుబడి గురించి చెప్పిన, యూనియన్ లేకపోతే ఇట్లనే ఉంటదని చెప్పిన. పది నిమిషాలు మాట్లాడి ఉంట. ఆమె రొట్టె తిరగేసి ఊకున్నది. మూడోసారి "ఇంటున్నవా? నాకు ఒక దరఖాస్తు రాసియ్యి, కాగితం మీద" అన్నది. ఆదివారం రాస్తనన్న. ఆ ఆదివారం నాకు సంగారెడ్డిల మీటింగుండె. విషయం: అసంఘటిత కార్మికుల గొంతుక. నవ్వకుర్రి.

2025 జూన్ 30, సోమవారం. పొద్దున తొమ్మిది దాటినంక పాశమైలారంల సిగాచి కంపెనీ పేలింది. ఆ కంపెనీ చేసేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అనే పౌడర్. మనం మింగే గోలీల మందు ఇసుమంతనే ఉంటది, దాన్ని గోలీ లెక్క నిలబెట్టేది చాలాసార్లు ఈ పౌడరే. కలప గుజ్జుతోని చేస్తరు. చూస్తే పిండి లెక్కనే ఉంటది. గని అంత సన్నటి పొడి మూసిన జాగల గాలిలకు లేసి, నిప్పురవ్వ తగిలిందంటే బాంబు లెక్క పేలుతది. పేరు తెల్వకున్నా మన ఆడోళ్లు ప్యాక్ చేసే గోలీలల్ల ఉండేది అదే. దొరికిన శవాలు, ఆనవాలు గూడ దొరకని 8 మంది కలిసి 54 మంది పోయిర్రు. బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చినోళ్లే శాన మంది. ఆంధ్ర, తెలంగాణోళ్లు గూడ ఉన్నరు.

నేను పటాన్‌చెరు ఏరియా ఆస్పత్రి కాడికి పోయిన. నోట్‌బుక్ పట్టుకొనే పోయిన. యూట్యూబ్ ఛానళ్లోళ్లు మైకులు పెట్టిర్రు. మాట్లాడిన. నేను మాట్లాడింది తప్పేం గాదు, ఇప్పటికీ ఆ మాటల మీదనే ఉన్న. గని ఒక బీహార్ మనిషి ఫోన్ల తమ్ముని ఫోటో పట్టుకొని మూడుసార్లు నా కాడికొచ్చిండు. మూడుసార్లు "ఏక్ మినట్ భాయ్" అన్న. మాట్లాడుడు అయినంక చూస్తే ఆయన రోడ్డవతల చాయ్ బండి కాడ కూసున్నడు. చాయ్ పోసే ముసలామె ఒక్కొక్కటే అడుగుతున్నది, వచ్చీరాని హిందీల. తమ్ముని పేరేంది, ఏ షిఫ్టు, ఆ దినం ఏ రంగు అంగీ ఏసుకున్నడు, చేతికి కడెం ఉండెనా, పొద్దుగాల ఏమన్న తిని పోయిండా. ఆఖరి ప్రశ్నకు ఆయన ఏడ్సిండు. శవాల్ని గుర్తు పట్టేతందుకు డీఎన్ఏ నమూనాలు తీసుకుంటున్న దినాలవి. ఆ ముసలామె అడిగిన ఆఖరి ముచ్చట ఏ ఫారంల ఉండదు.

ఆ కేసుల పోలీసుల కాడికి పోయిన ఫిర్యాదు గురించి పేపర్ల చదివిన. చనిపోయిన ఒక ఉద్యోగి ఇంటి మనిషి ఇచ్చింది. మిషన్లు పాతవడ్డయి, పానాలకు ముప్పున్నదని ఆ ఉద్యోగి మేనేజ్‌మెంట్‌కు మల్ల మల్ల చెప్పినా పట్టించుకోలేదని అండ్ల ఉన్నది. అండ్ల నిజమెంతో కోర్టు తేల్చాలె, అది నేను తేల్చేది గాదు. నేను ఆగిపోయింది ఇంకో కాడ. ఆయన కంపెనీల చెప్పిన మాట స్టేషన్ దాక ఎట్లొచ్చింది? చెప్పిన మనిషి లేడు. మరి ఇంట్ల ఎవరో ఇన్నట్టే గదా! డ్యూటీ దిగొచ్చి, చెప్పులిడిసి, ఆయన అన్న మాటను ఇంట్ల ఒకళ్లు చెవుల ఏసుకొని గుర్తు పెట్టుకున్నరన్నట్టే. కంపెనీల పడిపోయిన మాట ఇంట్ల నిలబడ్డది.

ఆ పేపర్ చేతుల పట్టుకొని లెక్క జూసుకున్న. మా ఆమె కంపెనీల ఏమన్న అయితే నేను ఏమని ఫిర్యాదు రాద్దును? ఏ తలుపు? ఎడమ దిక్కా, కుడి దిక్కా? ఎన్నడు చెప్పింది, ఎవరికి చెప్పింది? నాకు డ్రమ్ములన్న మాట ఒక్కటే యాదికున్నది. వందల మంది లేబర్ ముచ్చట్లు నా నోట్‌బుక్కులల్ల తారీఖులతోని ఉన్నయి. ఆమెది ఒక్క పేజీ లేదు.

ఆ రాత్రి అడిగిన, "ఆ తలుపు సంగతి మల్ల చెప్పు" అని. చెప్పలే. "నీ పోస్టు కింద ఎవడో ముక్కు మొఖం తెల్వనోడు రాసిన దానికి అర్ధరాత్రి దాక జవాబిస్తవు. నేను ఇంట్ల మనిషినని నా ముచ్చట ఎప్పుడైన ఇనొచ్చనుకుంటవు" అన్నది. నాకు కోపమొచ్చింది. ఎవరి కోసం తిరుగుతున్న అని అరిసిన గూడ. ఆమె పెట్టిన షరతుండె గాబట్టి ఇది రాస్తున్న.

రెండు దినాలకు ఆమెనే వాళ్లమ్మ ముచ్చట చెప్పింది. మా అత్తది ఝరాసంగం మండలం. అక్కడ మాచునూర్‌ల సంఘం రేడియో ఉన్నది, 90.4. 2008 అక్టోబర్ 15న మొదలైంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడోళ్లే దాన్ని నడిపేది. ఒకసారి ఆ రేడియో పిల్ల రికార్డర్ పట్టుకొని మా అత్త కాడికొచ్చిందట, విత్తనాలు బూడిదల ఎట్ల దాస్తవమ్మా అని అడిగేతందుకు. మా అత్త ఒక్క మాట చెప్పి ఆగిందట. ఆ పిల్ల ఏం మాట్లాడకుండ కూసున్నదట. మా అత్త ఇంకో మాట చెప్పిందట. పిల్ల మల్ల ఊకున్నదట. అట్లట్ల గంట సేపు చెప్పిందట, అనుములు, సామలు, కొర్రలు, చిన్నప్పటి కరువు, పోయిన కొడుకు... "నన్ను అంత సేపు ఒక్కలు గూడ అడగలే బిడ్డా" అని మా అత్త పది మందికి చెప్పుకున్నదట.

"నువ్వు అడిగి ఆగవు" అన్నది మా ఆమె. "నేను ఊపిరి తీసుకుంటే నా మాట అయిపోయిందనుకుంటవు."

అప్పుడు నోట్‌బుక్ తీసిన. ఎడమ దిక్కు తలుపు. ఫిబ్రవరి నుంచి. సూపర్‌వైజర్‌కు నాలుగుసార్లు, కాంట్రాక్టరు మనిషికి ఒకసారి చెప్పింది. ఒకసారి ఇద్దరాడోళ్లు తామే డ్రమ్ములు జరిపిర్రు, తెల్లారేసరికి మల్ల వచ్చినయి. ఇవన్ని నాకు తెల్వయి. ఈ నాలుగు నెలలు నేను ఆ ఇంట్లనే ఉన్న.

దరఖాస్తుకు చట్టం తిరగేసిన. భోపాల్‌ల 1984ల గ్యాస్ లీకైనంక, 1987ల ఫ్యాక్టరీల చట్టంల కొత్త సెక్షన్లు పెట్టిర్రు. ప్రమాదకరమైన పని నడిచే ఫ్యాక్టరీలకు 41-జి అని ఒకటి: సేఫ్టీ కమిటీల లేబర్ దిక్కునోళ్లు, మేనేజ్‌మెంట్ దిక్కునోళ్లు సమానంగ ఉండాలని అండ్ల ఉండె. 41-హెచ్ అని ఇంకొకటి: పానానికి ముప్పున్నదని అనిపిస్తే లేబర్ మేనేజర్‌కు చెప్పొచ్చు, అదే టైంల ఇన్‌స్పెక్టర్‌కు గూడ చెప్పొచ్చు అని ఉండె. తాతకు లేని హక్కు అది, దూరంగ నిలబడి ఆగే పని లేకుండె. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌ల లేబర్ మెంబర్ అయినంక 1942 ఆగస్టుల సర్కారు, యజమానులు, కార్మికులు ఒక్క కాడ కూసునే సభ నడిపిండు. కార్మికుని ఎదురుంగ కూసోబెట్టి అడిగే పద్ధతి అక్కడి నుంచి నడుస్తున్నది. నేను ఈ సెక్షన్ల మీద మీటింగులల్ల మాట్లాడినోన్నే. పాశమైలారం కాడ ఎవ్వరన్న లేబర్ 41-హెచ్ కింద ఒక కాగితం రాసిండని నేను ఇనలే. తెలిసినోడు నాలుగు నెలలు రాయలే గదా.

పదకొండు మంది ఆడోళ్లు సంతకం పెట్టిర్రు. ఒడిశా పిల్ల ఒడియాల పెట్టింది, గుండ్రంగ, మన అక్షరాల లెక్కనే. ఒకటి మేనేజర్‌కు, ఒకటి ఇన్‌స్పెక్టర్‌కు, రిజిస్టర్ పోస్ట్.

వారం అయినంక సూపర్‌వైజర్ ఇస్నాపూర్ చౌరస్తా కాడ కలిసిండు. మెదక్ దిక్కు బీసీ పిల్లగాడు. తిడ్దామనే పోయిన. "అన్నా, నేను పైకి పెట్టిన" అని ఫోన్ తీసి చూపిచ్చిండు. వాట్సాప్‌ల ఆ డ్రమ్ముల ఫోటో, కింద మెసేజ్, మార్చిల ఒకటి, మేల ఒకటి. రెండిటికీ నీలి టిక్కులు పడ్డయి. జవాబు లేదు. "మల్ల అడిగితే నా టార్గెట్ సంగతి అడుగుతరన్నా" అన్నడు. ఆయన్ని నేను మాఫ్ చేస్తలేను. మా ఆమెను నాలుగుసార్లు "నీ పని నువ్వు చూస్కో" అన్నోడు ఆయనే. గని తిట్టుడు ఆగింది. కూసోబెట్టి చాయ్ తాపిచ్చి, ఆయన చెప్పింది గూడ రాసుకున్న.

డ్రమ్ములు పోయినయి. అట్టడబ్బాలు కొన్ని ఇంక ఉన్నయి, మనిషి అడ్డం తిరిగి పోయేంత సందు ఉన్నది. సంతకం పెట్టినోళ్లల్ల ఇద్దరికి వారం దినాలు డ్యూటీ ఇయ్యలే. మా ఆమెను వేరే లైన్‌కు మార్చిర్రు, ఒడిశా పిల్లకు దూరంగ. "మీ ఆయన లీడర్ గదా, ఇంటికాడ చెప్పుకోరాదు" అన్నడట కాంట్రాక్టరు మనిషి. మా ఆమె నవ్విందట. ఎందుకు నవ్విందో వానికేం తెలుసు.

ఇప్పుడు రాత్రి తినేటప్పుడు ఫోన్ బీరువా మీద పెడుతున్న. రోజూ గాదు. మొన్న రాత్రి "ఇంటున్నవా?" అన్నది. చెప్పు అన్న. కంపెనీ ముచ్చట గాదు. వాళ్లమ్మ ఇంటి ఎన్క సొరకాయ తీగ గోడెక్కి పక్కింటోళ్ల దిక్కు కాస్తున్నదట, ఆ కాయలు ఎవరియని లొల్లట. అరగంట చెప్పింది. నడుమల రెండుసార్లు సలహా ఇయ్యబోయిన. రెండుసార్లు చెయ్యి లేపి ఆపింది.

భూమి ముచ్చట వచ్చే వారం. జై భీమ్.