సర్వరు నెల బత్తెము

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, మాదాపూరునందు, 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్సు అను సౌధమును ప్రారంభించిరి. నేడు హైటెక్ సిటీ యని ప్రసిద్ధి కెక్కిన యీ ప్రాంతమున మనుష్యులు పనిచేయు మేడలేగాక, చల్లని గదులలో రేయింబవళ్లు సర్వరులు పనిచేయు మేడలును గలవు. అట్టి యొకదానియందు నేనొక చిన్న సర్వరును అద్దెకు తీసికొంటిని. పదవ తరగతి పిల్లలకు వెనుకటి ప్రశ్నపత్రములును, పాఠముల పటములును దానినుండి ఉచితముగా అందుచుండును.

దానికి నెలకొక టెరాబైటు, అనగా లక్ష కోట్ల బైట్లు బత్తెము. అంతకు మించి వెలికి పోయినచో నెల ముగియువఱకు వేగము నత్తనడకకు దిగునని యొడంబడిక.

"అయ్యా, సెకనుకు 100 మెగాబిట్లు పట్టు మార్గమున్నదంటిరి గదా, కొఱత యేల?" అని యొక విద్యార్థి నన్నడిగెను. మంచి ప్రశ్న. పెద్దలును ఈ రెంటిని బ్యాండ్‌విడ్త్ అను నొక్క పేరనే పిలుతురు. మార్గపు వెడల్పు వేఱు, నెల మొత్తము వేఱు. బైటునకు 8 బిట్లు గదా. 100 మెగాబిట్ల వేగమున ఎడతెగక పంపినచో టెరాబైటు 80,000 సెకనులలో, అనగా 22 గంటల 13 నిమిషములలో చెల్లిపోవును. నెల బత్తెము ఒక్క దినమైనను నిలువదు! నెలంతయు సమముగా పంచినచో సెకనుకు 3 మెగాబిట్లకు కొంచె మెక్కువ మాత్రమే. తూము పెద్దదైనంత మాత్రమున గండిపేట చెఱువులో నీరు హెచ్చునా?

కావున పద్దు వ్రాయుట యవసరము. వీఎన్‌స్టాట్ అను ఉచిత సాధనము లినక్సు యంత్రము ఉంచు లెక్కలనే చదివి గంటకు, దినమునకు, నెలకు వేర్వేరుగా పద్దు చూపును. (అమెజాను సంస్థ 2022 నవంబరులో హైదరాబాదున నెలకొల్పిన కేంద్రములలో ఇంటర్నెట్టునుండి లోనికి వచ్చుదానికి సుంకము లేదు, వెలికి పోవుదానికి కలదు. కొందఱు రెంటిని గూర్తురు. ఒడంబడిక చదువక సంతకము చేయరాదు.) దినమునకు 32 గీగాబైట్లని నేను గీత గీచికొంటిని.

మార్చి 12వ తేదీకి 560 గీగాబైట్లు వెడలినవి. ఆ చొప్పున 21వ తేదీకే బత్తెము చెల్లును. పరీక్షలు అప్పటికి నడుచుచుండును. పల్లెలో నొక బాలిక రేపటి పరీక్షకు పాత ప్రశ్నపత్రము కోరి, తండ్రి ఫోను చేతబట్టి యెదురుచూచుట నా కన్నులకు కట్టినది.

పద్దు ఎంతయో చెప్పునుగాని యెవరో చెప్పదు. అందులకు సర్వరు చిట్టా వెదకితిని. సగమునకు పైగా తీసికొన్నవి పిల్లలు కారు, ఇంటర్నెట్టునందలి పుటలను తమంత తామే పోగుచేయు బాట్లు! కొన్ని యొకే పటమును పదేపదే కొనిపోయినవి. అన్నిటికిని తలుపు మూయుద మనిన, వెదకు యంత్రముల బాట్లును వానిలో గలవు. అవి రానిచో మా పత్రము లున్నవని పిల్లల కెట్లు తెలియును? రోబోట్స్ అను చిన్న పత్రమున "రావలదు" అని వ్రాసినను మర్యాద గలవే పాటించును. తుదకు వెదకువానిని నెమ్మదిగా రానిచ్చి, తక్కినవానిని ఆపితిని. పటముల పరిమాణమును తగ్గించి, ఒకసారి చూచినదానిని ఫోనులోనే దాచుకొనుమని బ్రౌజరులకు సూచన చేర్చితిని.

మార్చి 31వ తేదీ రాత్రి పద్దు చూచితిని. 1,000 గీగాబైట్లలో 938 వెడలినవి. 12 గంటలు కొట్టగానే లెక్క మరల సున్నకు వచ్చినది.