కొడుకు పేరు సోమలింగం

పొద్దున్నే స్టవ్వు మీద పాలు పెట్టి నిలబడ్డాను, ఫోను టింగుమంది. నా వయసులో తెల్లారగట్ల వచ్చే కబుర్లు సాధారణంగా మంచివి కావు. చెయ్యి తుడుచుకుని కంగారుగా చూస్తే, క్యారమ్స్ యాప్ వాళ్ళు. "మునుపెన్నడూ ఎరుగని అనుభవం! అతి త్వరలో!" అట. ఏమిటా అనుభవం, ఎప్పుడా త్వరలో, ఒక్క ముక్క లేదు. కళ్ళజోడు వెతుక్కుని ఇదంతా చదివేలోగా పాలు పొంగిపోయాయి. బర్నరు సందుల్లో మాడిన పాలు గీకుతూ అనుకున్నాను, వీళ్ళ సంగతి ఎక్కడో ఒకచోట రాసి పారెయ్యాలని.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఉంది చూశారూ, బల్ల మీద ఆడుకునే ఆటల్ని కంప్యూటర్లోకి దింపుతామని డప్పు కొట్టేవాళ్ళకి అది కొలిచి కుట్టిన రవికలా సరిపోతుంది. ఇంకా పెళ్ళిచూపులైనా కావు, బారసాలకి పిలుపులు పంచేస్తారు. ఊయల ఫొటో కూడా చూపిస్తారు.

మా అన్నయ్య కొడుకు డాలస్‌లో ఉంటాడు. వాడికి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట పిచ్చి. 1974లో పుట్టిన ఆట. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరతారు. ఒకడు కథ చెప్తుంటే మిగతావాళ్ళు ఆ కథలో మనుషులై, ఏం చేస్తారో నోటితో చెప్పి, ఇరవై ముఖాల పాచిక దొర్లించి తేల్చుకుంటారు. "బామ్మ కథ చెప్తుంటే మీ నాన్న మధ్యలో దూరి రాక్షసుణ్ణి తనే చంపేసేవాడు, అదేగా?" అన్నాను. "ఇంచుమించు అదే అత్తా" అన్నాడు.

దానికి కావలసినవి కాగితం, పెన్సిలు, పాచికలు, నోరు. ఇంత చవకైన ఆటకి ఎంతమంది సోమలింగాలో! 2007 ఆగస్టులో ఇండియానాపొలిస్ ఆటల తిరనాళ్ళలో ఆ ఆట కంపెనీవాళ్ళు నాలుగో కూర్పుని ప్రకటిస్తూ, కంప్యూటర్లో త్రీడీ బల్ల కూడా వస్తుందన్నారు. మరుసటేడు జూన్‌లో పుస్తకాలు వచ్చాయి. ఆ త్రీడీ బల్ల రాలేదు. 2022 ఆగస్టులో మళ్ళీ అదే కంపెనీ, మళ్ళీ త్రీడీ బల్ల, ఈసారి అన్‌రియల్ అనే గేమ్ ఇంజిన్ మీద. తర్వాత దానికి సిజిల్ అని పేరు పెట్టారు. 2025 ఫిబ్రవరి చివర్లో చప్పుడు కాకుండా విడుదల చేశారు. మార్చిలో, దాన్ని తయారుచేసినవాళ్ళలో ముప్ఫైమంది దాకా ఇంటికి పంపేశారు. సోమలింగాల్లో ఈయన కాస్త నయం, పుట్టాడు. పురుడు కాకుండానే మంత్రసాన్నీ ఆయానీ కలిపి మాన్పించేశారు.

కంప్యూటర్లతో వచ్చిన జబ్బు కూడా కాదిది. 1770లో వియన్నా రాణిగారి కొలువులో కెంపెలెన్ అనే ఆయన చదరంగం ఆడే యంత్రమంటూ, పెట్టె వెనక తలపాగా బొమ్మనొకదాన్ని కూర్చోబెట్టాడు. అది ఊళ్ళు తిరిగింది. నెపోలియన్ కూడా దానితో ఆడాడు. 1854లో ఫిలడెల్ఫియాలో అగ్నికి ఆహుతైంది. అసలు సంగతేమిటంటే, పెట్టెలో చదరంగం వచ్చిన మనిషొకడు ముడుచుకుని కూర్చుని ఎత్తులు వేసేవాడు. నాకెందుకో ఆ పెట్టె మీద కోపం రాదు. లోపల మనిషైనా ఉన్నాడు కదా.

ఇక ఇలా ఊదే బుడగలంటారా, ఉత్తర చెన్నైలోని మా తిరువొత్తియూరుకి కొత్తేమీ కాదు. ఎమ్మారెఫ్ వాళ్ళు 1946లో ఇక్కడే ఒక షెడ్డులో పిల్లలాడుకునే బుడగలతో మొదలుపెట్టారు. టైర్లు తర్వాతి మాట. ఆ బుడగ ఊదితే ఉబ్బేది, డబ్బులిచ్చిన పిల్ల చేతికి వచ్చేది. త్యాగయ్యగారు కూడా మా ఊరొచ్చి త్రిపురసుందరి మీద అయిదు కీర్తనలు చెప్పారు. 'అతి త్వరలో అయిదు కీర్తనలు' అని రథం నిలిచే తేరడిలో ముందుగా చాటింపు వేయించినట్టు నేనైతే వినలేదు.

సరే, నా యాప్ సంగతి. ఆ మునుపెన్నడూ ఎరుగని అనుభవం మూడు నెలలకి వచ్చింది. అంతకుముందు నేను గెలుచుకున్న ఆటల లెక్క మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. స్ట్రైకరుకి నెమలి రెక్కలు మొలిచాయి. రెడ్డు పాకెట్లో పడితే బాణసంచా కాలుతుంది, అది ఆరేదాకా తర్వాతి ఆట వెయ్యడానికి లేదు. పైగా 'రియల్ ఫిజిక్స్' అని గొప్పగా రాసుకున్నారు. మరి మా ఇంట్లో బోర్డులో ఉన్నది దొంగ ఫిజిక్సా?

మా బోర్డు ఎడమవైపు మూలకి కాస్త వాలు. నలభై ఏళ్ళ వాలు అది. ఆ మూల పాకెట్ దగ్గర కాయిన్ ఆగినట్టే ఆగి, ఆలోచించుకుని, పడుతుంది. కొత్తవాళ్ళు అదృష్టం అనుకుంటారు. మేం అనుకోం. నవంబరు వచ్చిందంటే సముద్రపు గాలికి బోర్డంతా చెమ్మ పట్టి, ఎంత గట్టిగా కొట్టినా స్ట్రైకరు సగం దారిలో నీరసపడిపోతుంది. అప్పుడు మధ్యాహ్నం ఎండ తగిలేలా బాల్కనీలో నిలబెట్టాలి. పూర్తి ఎండలో పెడితే వంగిపోతుంది, అందుకని గుమ్మం నీడ సగం పడేలా జరుపుతూ ఉండాలి. తర్వాత బోరిక్ పౌడరు. చేతి రుమాల్లో మూటకట్టి, చిటికెనవేలితో తడుతూ చల్లాలి తప్ప దోసెపిండిలా పొయ్యకూడదు. పాత న్యూస్‌పేపరు ఉండచుట్టి గుండ్రంగా రుద్దితే, కాసేపటికి చేతికి తెలుస్తుంది, చెక్క మెత్తబడినట్టు. ఇంట్లో బోరిక్ అయిపోయిన రోజున మా అమ్మకి తెలియకుండా పాండ్స్ పౌడరు చల్లేవాళ్ళం. ఆట ఎలా సాగినా బోర్డు పెళ్ళివారి విడిదిలా ఘుమఘుమలాడేది. నల్ల లంగా కట్టుకుని ఆడితే తన్నులు ఖాయం. ఇవన్నీ ఆ ఫిజిక్సులో ఎక్కడున్నాయో కనుక్కుని ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

మా అన్నయ్యకి ఇవన్నీ నేర్పింది వీధి చివరి మన్రం, అంటే క్లబ్బు. ఉత్తర చెన్నైలో అలాంటివి వీధికొకటి ఉండేవి. రేకుల కప్పు, మధ్యలో బోర్డు, బోర్డు నెత్తి మీద కిందికంటా వేలాడే బల్బు, చుట్టూ ఫ్యాక్టరీ షిఫ్టు దిగివచ్చిన మగవాళ్ళు. అన్నయ్యని భోజనానికి పిలవడానికి నన్ను పంపేవారు. గడప దాటడానికి వీల్లేదు. గడప బయటే నిలబడి, కాయిన్ పాకెట్లోకి నేరుగా పడ్డ చప్పుడూ, అంచు తగిలి పడ్డ చప్పుడూ వేరు చేసి చెప్పడం నేర్చుకున్నాను. "లోపలికొచ్చి ఒక్క బోర్డు ఆడతాను" అని ఒకసారి అడిగితే, ఒకాయన తలెత్తకుండానే "ఇంట్లో ముగ్గు వేసుకో పాపా" అన్నాడు. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఇప్పటికీ ముగ్గు వేస్తూ చుక్క తప్పితే ఆయన మొహమే గుర్తొస్తుంది.

అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య 1988లో పుట్టింది మన చెన్నైలోనే. ఆ పైన మరియ ఇరుదయం 1991లోనూ 1995లోనూ ప్రపంచ చాంపియన్ అయ్యాడు, అర్జున అవార్డు తెచ్చుకున్నాడు. 'వడ చెన్నై' సినిమాలో ధనుష్ క్యారమ్ ఆటగాడైతే వీధి వీధంతా ఈల వేసింది. వీళ్ళందరూ మగమహారాజులే. 2024 నవంబరులో అమెరికాలో జరిగిన ప్రపంచ పోటీల్లో కాజిమా అనే పిల్ల, ఆటో డ్రైవరు కూతురు, మా ఉత్తర చెన్నై పిల్ల, మూడు బంగారు పతకాలు కొట్టుకొచ్చింది. ప్రభుత్వం కోటి రూపాయలిచ్చింది. ఆ వార్త ఉన్న పేపరు పట్టుకుని మన్రం ఉన్న చోటికి నడిచి వెళ్ళాను. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. ఆ కొట్టు కుర్రాడికే చూపించి వచ్చాను. "మీ మనవరాలా అమ్మా?" అన్నాడు. కాదనడానికి కాస్త ఆలస్యం చేశాను.

అందుకే యాప్‌ని మరీ ఆడిపోసుకోను. ఆడదానివా, మగవాడివా, వంటయిందా అని అడక్కుండా నన్ను ఆటకి కూర్చోబెట్టింది అదొక్కటే. ఊరూ పేరూ తెలియనివాళ్ళని అర్ధరాత్రి ఓడించి హాయిగా పడుకున్న రోజులున్నాయి. అప్పుడది ఏ డప్పూ లేకుండా, ఎవరో చెబితే దించుకున్న మామూలు యాప్. దాన్ని అలా వదిలేస్తే వాళ్ళ సొమ్మేం పోయేదో.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటబోతూ దారిలో మమ్మల్ని ముంచిపోయింది. కరెంటు లేదు. ఫోన్లన్నీ ఒకటొకటిగా కళ్ళు మూశాయి, సోమలింగాలతో సహా. అటక మీంచి బోర్డు దింపాను. కింది వాటాలోకి నీళ్ళొస్తే సెల్వి అక్క మా ఇంటికే వచ్చింది, పైవాటా కోడలూ, ఆవిడ కొడుకూ. ఎమర్జెన్సీ దీపం అట్టపెట్టె మీద పెట్టుకుని నలుగురం కూర్చున్నాం. సెల్వి అక్క పుట్టి బుద్ధెరిగి స్ట్రైకరు పట్టలేదట. రెడ్డు పడేసింది కానీ దాని వెంటే పడాల్సిన కాయిన్, ఫాలో అంటారే, అది పడలేదు. రెడ్డు తీసి మళ్ళీ మధ్యలో పెడుతుంటే "ఇదేం న్యాయం? అది నాది" అని నా చెయ్యి పట్టుకుంది. కరెంటు వచ్చాక కూడా ఎవరూ లేవలేదు.

అప్పట్నించీ ఆదివారం ఆదివారం ఆట సాగుతూ వచ్చింది. మొన్న జూన్‌లో పైవాటా కుర్రాడు కాలేజీ హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. ముగ్గురమే మిగిలాం, జతలు కుదరడం లేదు. తిరువొత్తియూరు చుట్టుపక్కల మీరెవరైనా ఉంటే సాయంత్రం నాలుగింటికి రండి. పౌడరు మా దగ్గరుంది. స్ట్రైకరు మాత్రం మీదే తెచ్చుకోవాలి. నాది మా అన్నయ్యది, ఎవరికీ ఇవ్వను.