పుట్ట లేని గొడుగు

తెలుగులో కొన్ని మాటలు డాక్యుమెంటేషన్‌లా పనిచేస్తాయి. 'పుట్టగొడుగు' అలాంటి మాట. చెదపుట్ట మీద లేచే గొడుగు: ఎక్కడ వెతకాలో పేరులోనే ఉంది. ఇప్పుడా మాటని గడ్డిలో మొలిచే ప్రతిదానికీ, చివరికి ఇంజినీరింగ్ కాలేజీలకీ వాడేస్తున్నాం. పేరు మిగిలింది, అందులోని షరతు జారిపోయింది.

మొన్న జూలై వానలకి మా అపార్ట్‌మెంట్ లాన్‌లో తెల్లారేసరికి అరచేయంత తెల్లటి గొడుగులు లేచాయి. కింది ఫ్లోర్ ఆంటీ గిన్నె పట్టుకుని వచ్చారు. "మా ఊళ్ళో ఇవే వండుకునేవాళ్ళం బాబూ." ఎవరు తెచ్చేవారని అడిగాను. "మా నాన్న, చేలో పుట్టల దగ్గర్నుంచి." ఆవిడ జ్ఞాపకం అబద్ధం కాదు. కాకపోతే అది వంటింటి జ్ఞాపకం. పుట్టని చూసుకునే పని ఆయన చేసిపెట్టేవారు.

పుట్ట మీద లేచేవి టెర్మిటోమైసిస్ ప్రజాతివి. ఆ పేరు 1942లో రోజర్ హైమ్ పెట్టాడు. టోపీ నడిమధ్య మొనదేలిన బొడిపె ఉంటుంది. కాడ వేరులా నేలలోకి దిగి, చెదలు పెంచుకునే బూజుతోట దాకా పోతుంది. మా లాన్‌లోవాటికి టోపీ మీద గోధుమరంగు పొలుసులు, కాడకి ఉంగరం. తవ్వి చూస్తే కాడ అడుగున కాస్త ఉబ్బి అక్కడే ఆగిపోయింది.

అప్పటికీ ఆంటీకి నమ్మకం కలగలేదు. ఒక టోపీని తెల్లకాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూతపెట్టాం. టెర్మిటోమైసిస్ అయితే లేత గులాబీ పొడి రాలాలి. మర్నాటికి కాగితం మీద పాలిపోయిన ఆకుపచ్చ కనిపించింది. అది క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. తింటే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు. ఆవిడింట్లో నాలుగేళ్ళ మనవడున్నాడు.

లేతగా ఉన్నప్పుడు దాని కింది రేకులు కూడా తెల్లగానే ఉంటాయి. అందుకే ఫోటోని చూసి పేరు చెప్పే యాప్‌ని ఈ విషయంలో నమ్మను. మా పనిలో లేబుల్ తప్పయితే రోల్‌బ్యాక్ ఉంటుంది, ఇక్కడ ఉండదు. వెండి చెంచా నల్లబడటం, పురుగులు తినడం లాంటి పరీక్షలూ అంతే, పనికిరావు.

ఇప్పుడెవరైనా ఫోటో పంపితే మూడే అడుగుతాను. ఎక్కడ మొలిచింది? నేల కింద ఏముంది? కాగితం మీద ఏ రంగు రాలింది? ఒక్కటి కలవకపోయినా వదిలెయ్యమంటాను. మూడూ కలిసినా, ఆ నేల మీద ఏళ్ళ తరబడి కోసినవాళ్ళకి చూపించకుండా పొయ్యి మీద పెట్టొద్దంటాను.